పక్కగది క్రేటు పలికితే: రొయ్యల ప్లాంటులో ఆర్‌ఎఫ్‌ఐడీ బిగింపు, మా అనుభవం

భీమవరం, ఆకివీడు, నరసాపురం చుట్టుపక్కల రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో ఆర్‌ఎఫ్‌ఐడీ బిగించే పని మాది. ఆర్‌ఎఫ్‌ఐడీ అంటే క్రేటుకి చిన్న చిప్పున్న ట్యాగు బిగించి, రీడరు అనే యంత్రంతో దాని నంబరుని రేడియో తరంగం ద్వారా దూరం నుంచే చదవడం. ట్యాగు రీడరుకి జవాబివ్వడాన్నే మేం 'పలకడం' అంటాం. అమ్మడానికి వచ్చినవాళ్ళు ఆఫీసు బల్ల మీద చూపించేది ఒకటి, క్రేటు తడిసి ఐసుతో నిండాక జరిగేది ఇంకొకటి. "ఎంత దూరం నుంచి చదువుద్దండి?" అని అందరూ అడుగుతారు. దూరం కావాలంటే తెచ్చుకోవచ్చు, అది డబ్బుతో తేలే సంగతి. పక్కగదిలో ఊరికే పడున్న క్రేటుని కూడా యంత్రం చదివేసి లెక్కలో కలిపేస్తే ఏం చెయ్యాలన్నదే గట్టి ప్రశ్న. ఆ ప్రశ్న మాత్రం ఎవరూ ముందుగా అడగరు.

అసలు క్రేటుకి గుర్తింపు ఎందుకంటే, చెరువు కోసం. పట్టుబడి అయిన వనామీ రొయ్యని ఐసునీళ్ళలో ముంచి, క్రేట్లలో ఐసుతో పొరలుగా నింపి ఇన్సులేటెడ్ వ్యానులో తెస్తారు. ప్లాంటులో చెరువువారీగా లాటు నంబరు పడుతుంది. అక్కణ్ణించి కడుగుడు, తూకం, తల తీయడం, గ్రేడింగు, వొలుపు, ఫ్రీజింగు, గ్లేజింగు (పలచని మంచుపూత), ప్యాకింగు. ఇన్ని చేతులు మారాక కూడా ఫలానా కార్టన్‌లోని సరుకు ఫలానా చెరువుదేనని చూపించగలగాలి. యూరప్ వెళ్ళే సరుకుకి పట్టుబడికి ముందే యాంటీబయాటిక్ అవశేషాల పరీక్ష చేయించి చెరువు మీద ధ్రువపత్రం తెచ్చుకోవాలి. అమెరికా 2018 డిసెంబరు 31 నుంచి రొయ్యని తన సముద్రాహార దిగుమతుల నిఘా కార్యక్రమంలో చేర్చి, పెంచిన చోటు దాకా వివరాలు అడుగుతోంది. ఒక్క లాటులో నైట్రోఫ్యూరాన్ (నిషేధించిన యాంటీబయాటిక్) ఆనవాలు కనబడిందనుకోండి. ఆ లాటు ఎక్కడెక్కడికి చేరిందో తేల్చలేకపోతే ఆ రోజు ఆడిన సరుకంతా పక్కన పెట్టుకోవాల్సిందే.

కాగితం చీటీ ఐసునీళ్ళలో గంట ఆగదు. ప్లాస్టిక్ చీటీ మీద రాసిన అంకె క్లోరిన్ నీళ్ళకి చెరిగిపోతుంది. బార్‌కోడు అయితే ప్రతి క్రేటునీ తుడిచి, తిప్పి, స్కానరుకి ఎదురుగా పట్టాలి. గ్లౌజు తొడుక్కున్న చేత్తో, లారీ దిగుతున్న హడావుడిలో ఆ పని ఎవరూ చెయ్యరు, చెయ్యమని అడగడమూ భావ్యం కాదు. అందుకని ఆర్‌ఎఫ్‌ఐడీ.

ముందు ఫ్రీక్వెన్సీ చూసుకోండి

మన దేశంలో ఈ పనికి లైసెన్సు అక్కర్లేకుండా వాడుకునే ఫ్రీక్వెన్సీ పట్టీ 865–868 మెగాహెర్ట్జ్. ట్రాన్స్‌మిటర్ నుంచి 1 వాటు, యాంటెన్నా దాటాక 4 వాట్ల ఈఆర్‌పీ (యాంటెన్నా ఒకవైపుకి కేంద్రీకరించి పంపే బలం) మించకూడదు. అమెరికాలో ఇదే రకం పరికరాలు 902–928లో నడుస్తాయి. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే రీడర్లూ యాంటెన్నాలూ చాలావరకు ఆ పట్టీకి సరిచేసినవే. రీడరు సెట్టింగులో ప్రాంతం 'ఇండియా' అని ఉందో లేదో చూడకుండా స్విచ్ వేస్తే మన మొబైల్ టవర్లు వాడుకునే 900 మెగాహెర్ట్జ్ పట్టీ మీద పడతాం. అది చట్టవిరుద్ధం. రీడరుకి కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చే ఈటీఏ (పరికరం ఆమోదం) ధ్రువపత్రం ఉందో లేదో కొనేముందే అడగండి.

ట్యాగులదీ అదే కథ. డబ్బా మీద '860–960' అని రాసి ఉంటుంది. ఆ పట్టీ మొత్తంలో ఎంతో కొంత పలుకుతుందని దానర్థం, అంతా ఒకే బలంతో పలుకుతుందని కాదు. 915 దగ్గర గట్టిగా ఉన్న ట్యాగు 866 దగ్గర మెత్తబడుతుంది. పొడి గోడ మీద ఆ తేడా తెలియదు. తడి క్రేటు మీద అదే తేడా చదవడమా, చదవకపోవడమా అన్నది తేలుస్తుంది. తయారీదారు ఇచ్చే ఫ్రీక్వెన్సీ గ్రాఫు అడగండి, 866 దగ్గర గీత ఎక్కడుందో చూడండి. గ్రాఫు ఇవ్వలేనివాడి దగ్గర కొనకండి.

నీళ్ళు, ఐసు

ద్రవరూపంలో ఉన్న నీళ్ళు ఈ ఫ్రీక్వెన్సీ తరంగాన్ని బాగా పీల్చేస్తాయి, ఉప్పు కలిసిన నీళ్ళు ఇంకా ఎక్కువ. గట్టి ఐసు మాత్రం దాదాపు అడ్డు చెప్పదు. ఈ ఒక్క సంగతి తెలియక చాలామంది ఉదయం పరీక్ష పెట్టి సంతకం చేసేస్తారు. పొద్దున్నే దిగిన క్రేటులో ఐసు పలుకులు పొడిగా ఉంటాయి, గేటు, అంటే ద్వారం దగ్గర బిగించిన రీడరూ యాంటెన్నాలూ, అన్నీ చదివేస్తుంది. మధ్యాహ్నం ఎండలో దూరం చెరువు నుంచి వచ్చిన క్రేటులో ఐసు సగం కరిగి, రొయ్య నీళ్ళలో తేలుతూ, క్రేటు అంచు నుంచి ట్యాగు మీదుగా ధార కారుతుంటుంది. అదే క్రేటు, అదే గేటు, ఇప్పుడు పలకదు. పరీక్ష పెడితే ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నమే పెట్టాలి, అందులోనూ కరిగిన సరుకుతోనే పెట్టాలి.

అందుకే క్రేటుకి మామూలు ప్లాస్టిక్ ట్యాగు కాకుండా లోహం మీద పనిచేసే రకం ట్యాగు వాడతాం. క్రేటు ప్లాస్టిక్‌దైతే లోహపు ట్యాగు ఎందుకని అడుగుతారు. ఆ రకం ట్యాగుకి వెనకవైపు సొంత లోహపు పొర ఉంటుంది. వెనక ఇనుమున్నా, నీళ్ళున్నా, రొయ్యలున్నా దానికి పెద్ద తేడా పడదు, ముందువైపు ఒకేలా పలుకుతుంది. దీనికి చెల్లించే మూల్యం ఏమిటంటే, వెనకవైపు నుంచి అసలు కనబడదు. కాబట్టి క్రేటు రెండు పొడుగువైపులా చెరొకటి బిగించాలి. రెండిటికీ ఒకే ఈపీసీ నంబరు (క్రేటుకి మనం ఇచ్చే గుర్తింపు నంబరు) రాస్తాం. చిప్పు తయారైనప్పుడే పడిన టీఐడీ దేనికది వేరుగా ఉంటుంది కాబట్టి ఏ వైపు ట్యాగు చచ్చిందో తర్వాత పట్టుకోవచ్చు. సాఫ్ట్‌వేరుకి మాత్రం ఒక్క క్రేటే కనబడుతుంది.

స్థానం పైఅంచు కింద, పిడి పక్కన. నీళ్ళ మట్టం కన్నా పైన ఉండాలి, ఒకదాని మీద ఒకటి పేర్చినప్పుడు పై క్రేటు అడుగు తగలకూడదు. ఈ రెండూ కుదిరే చోటు సాధారణంగా ఒక్కటే దొరుకుతుంది.

జిగురు మాట ఎత్తకండి. క్రేటు హెచ్‌డీపీఈ, ఆ ప్లాస్టిక్‌కి ఏ జిగురూ నిలకడగా పట్టదు. ప్రెషర్ జెట్‌తో కడిగితే నాలుగు రోజులకే ఊడుతుంది. రివెట్లు కొట్టాలి, తయారీదారు ఇచ్చిన రంధ్రాల్లోనే కొట్టాలి. వేరేచోట మెటల్ రివెట్ పడితే యాంటెన్నా శ్రుతి తప్పుతుంది. ప్లాస్టిక్ రివెట్ అయితే ఇంకో చిక్కుంది. విరిగిన ముక్క రొయ్యల్లో పడితే మెటల్ డిటెక్టరుకి దొరకదు. క్వాలిటీ విభాగం వాళ్ళు అభ్యంతరం చెప్పేది అక్కడే, అది న్యాయమైన అభ్యంతరం. నీలంరంగు ట్యాగు, నీలంరంగు రివెట్ వాడితే కంటికి దొరుకుతుంది. ట్యాగుకీ క్రేటు గోడకీ మధ్య మురికి చేరే సందు ఉండకూడదు, శుభ్రత చూసే స్వాబ్ పరీక్షలో మొదట బయటపడేది ఆ సందే. కొత్త క్రేట్లు కొనే ఆలోచన ఉంటే మాత్రం ఆగండి. అచ్చు పోసేటప్పుడే లోపల ట్యాగు పెట్టినవి తెప్పించుకుంటే రివెట్ బాధ, సందు బాధ రెండూ పోతాయి.

క్రేటు నంబరు ట్యాగు మీద పెద్ద అంకెల్లో చెక్కించండి. కరెంటు పోయి, యూపీఎస్ కూడా దిగిపోయినప్పుడు లారీ ఆగదు, పుస్తకంలో రాసుకోవాలి.

గేటు

దించుకునే చోటు నుంచి చిల్ రూముకి వెళ్ళే ద్వారం దగ్గర మొదటి గేటు. ద్వారం 2.4 మీటర్ల వెడల్పు అనుకుంటే, ఒక్కోవైపు రెండేసి యాంటెన్నాలు, నేల నుంచి 60 సెంటీమీటర్ల ఎత్తున ఒకటి, 150 దగ్గర ఇంకొకటి. వృత్తాకార ధ్రువణం ఉన్నవే తీసుకోండి, ట్యాగు నిలువుగా ఉన్నా అడ్డంగా ఉన్నా పలుకుతుంది. యాంటెన్నాలని ద్వారానికి సూటిగా కాకుండా కొంచెం దించుకునే వైపుకి తిప్పాలి, చిల్ రూము లోపలికి చూడకూడదు.

కేబుల్ దగ్గర పిసినారితనం వద్దు. సన్నపాటి ఎల్‌ఎంఆర్-240 రకం కేబుల్ 900 మెగాహెర్ట్జ్ దగ్గర మీటరుకి సుమారు 0.25 డీబీ (డెసిబెల్; 3 డీబీ పోతే బలం సగమైనట్టు) తినేస్తుంది. 10 మీటర్లు లాగితే 2.5 డీబీ, కనెక్టర్లకి ఇంకో అర డీబీ. రీడరు నుంచి 30 డీబీఎం, అంటే 1 వాటు బయల్దేరితే యాంటెన్నాకి చేరేది 27, అంటే అర వాటు. మిగతా సగం దారిలోనే ఖర్చయిపోయింది. మందపాటి ఎల్‌ఎంఆర్-400లో అదే దూరానికి పోయేది 1.3 డీబీ. రీడరుని ద్వారం పైనే నీళ్ళు చొరని ఐపీ65 డబ్బాలో పెట్టి, కేబుల్ 3 మీటర్లకి కుదించుకుంటే అన్నిటికన్నా మేలు. రీడరుకి కరెంటు, డేటా రెండూ ఒకే నెట్‌వర్క్ తీగ మీద పంపొచ్చు.

కనెక్టర్ల మీద తనంతట తానే అతుక్కునే రబ్బరు టేపు చుట్టాలి. చిల్ రూము చలిగాలి, బయటి ఉక్కగాలి కలిసే చోట నీటి బిందువులు పట్టి తీగ వెంట జారి కనెక్టర్‌లోకి దిగుతాయి. డబ్బాలోకి వెళ్ళేముందు తీగని కిందికి ఒక వంపు తిప్పి పైకి ఎక్కిస్తే బిందువులు ఆ వంపు దగ్గరే రాలిపోతాయి. మన ఉప్పుగాలికి ఇత్తడి కనెక్టరు పచ్చబడటానికి ఒక్క వానాకాలం చాలు. చదివే బలం నెలనెలా తగ్గుతూ వస్తుంటే ట్యాగుల్ని అనుమానించేముందు కనెక్టరు విప్పి చూడండి. ఎలుకల సంగతి ప్లాంటు వాళ్ళకి చెప్పక్కర్లేదు, తీగలకి పైపు తొడగండి.

ఇక ట్రాలీ. స్టెయిన్‌లెస్ స్టీల్ ట్రాలీ మీద ఐదు క్రేట్ల ఎత్తున రెండు వరసలు. తరంగం స్టీలుకి, గోడకి, తడి నేలకి తగిలి తిరిగొచ్చి, అసలు తరంగంతో కలిసి కొన్నిచోట్ల బలపడుతుంది, కొన్నిచోట్ల పూర్తిగా చచ్చిపోతుంది. 866 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 34.6 సెంటీమీటర్లు కాబట్టి ఇలాంటి చచ్చిన చోట్లు సుమారు 17 సెంటీమీటర్లకి ఒకటి చొప్పున వస్తాయి. ట్రాలీ తోసే కుర్రాడు మర్యాదగా గేటు మధ్యలో ఆపి పచ్చలైటు కోసం ఎదురు చూస్తాడు. పదింట్లో తొమ్మిది పలుకుతాయి, పదోది సరిగ్గా చచ్చిన చోట నిలబడి ఉంటుంది. అతను ఎంతసేపు ఆగినా అది పలకదు. ఒక జానెడు ముందుకి తోస్తే వెంటనే పలుకుతుంది. అందుకే గేటు దగ్గర 'ఆపండి' అని రాయొద్దు, 'ఆపకుండా నడవండి' అని రాయండి. మామూలు నడక వేగం చాలు.

రీడరు సెట్టింగుల్లో ముఖ్యమైనది సెషన్, అంటే ఒకసారి పలికిన ట్యాగు మళ్ళీ ఎంతసేపటికి పలకాలన్నది. ఎస్0లో పెడితే దగ్గరున్న బలమైన ట్యాగులే మళ్ళీ మళ్ళీ పలుకుతూ బలహీనమైనవాటికి సందివ్వవు. ఎస్1లో ఒకసారి పలికిన ట్యాగు అర సెకను నుంచి 5 సెకన్ల దాకా ఊరుకుంటుంది, ఈలోపు తడిసినవి పలుకుతాయి. గేటుకి ఎస్1 పెడతాం. ఎన్నిసార్లు చదివిందన్న లెక్క మీద వడపోత పెట్టుకున్న సాఫ్ట్‌వేరు ఉంటే మాత్రం ఎస్1లో ఆ లెక్క పనికిరాదు. ఈ రెండూ కలిపి పెట్టి తల పట్టుకున్న ప్లాంట్లున్నాయి.

చదవకూడనివి

గేటు పక్కనే క్రేట్లు కడిగే చోటు ఉంటుంది, దాదాపు ప్రతి ప్లాంటులోనూ అంతే. కడిగిన ఖాళీ క్రేట్లు గుట్టగా ఆరబెడతారు. ఆ పొడి క్రేటు 6, 7 మీటర్ల అవతల ఉన్నా గట్టిగా పలుకుతుంది. గేటులో మీటరున్నర దూరంలో ఐసునీళ్ళు కారుతున్న నిండు క్రేటు దానికన్నా మెల్లగా పలుకుతుంది. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. 'సిగ్నల్ బలం ఇంతకన్నా తక్కువుంటే తీసెయ్' అని ఆర్‌ఎస్‌ఎస్‌ఐ హద్దు పెట్టుకుంటే, తీసెయ్యాల్సిన ఖాళీ క్రేటు లోపలికొస్తుంది, కావాల్సిన నిండు క్రేటు బయట పడుతుంది. దగ్గరున్నది గట్టిగా, దూరమున్నది మెల్లగా అన్న సూత్రం పొడి గోడౌన్‌కి సరిపోతుంది, రొయ్యల ప్లాంటుకి పనికిరాదు.

మేం చేసే పని వరసగా ఇదీ. మొదట పవర్ తగ్గించడం. 30 డీబీఎం నుంచి ఒక్కొక్క డీబీ దించుకుంటూ, కరిగిన ఐసుతో నిండిన క్రేట్ల ట్రాలీని ప్రతి మెట్టు దగ్గరా 20 సార్లు నడిపించాలి. ఎక్కడ ఒక క్రేటు తప్పడం మొదలవుతుందో అక్కడ ఆగి, 2 డీబీ వెనక్కి పెంచాలి. అంతకు మించి పవర్ ఇవ్వడమంటే పక్కగది క్రేట్లని పిలవడమే. రెండోది, గేటుకి రెండు ఫొటో సెన్సార్లు. ఒకటి బయట, ఒకటి లోపల. సెన్సారు అడ్డుపడినప్పుడే రీడరు మేలుకోవాలి. ఏది ముందు అడ్డుపడిందన్నదాన్ని బట్టి సరుకు లోపలికెళ్ళిందా బయటికొచ్చిందా తేలుతుంది. ప్లాస్టిక్ తెర పట్టీలు తరంగాన్ని ఆపవు, వాటిని నమ్ముకోవద్దు. చిల్ రూము గోడలకి వాడే పఫ్ (నురగ) ప్యానెల్‌కి రెండువైపులా రేకు ఉంటుంది కాబట్టి అది చక్కగా ఆపుతుంది. కడిగే చోటుకీ గేటుకీ మధ్య రేకు ప్యానెల్ ఒకటి అడ్డం పెట్టించగలిగితే సగం జబ్బు అక్కడే నయం.

మిగిలిన సగం లెక్కతో నయం చెయ్యాలి. ప్రతి క్రేటుకీ డేటాబేసులో ఒక స్థితి ఉంటుంది: కడిగి ఉంది, తూకమైంది, చిల్ రూములో ఉంది, వొలుపుకి వెళ్ళింది, ఖాళీ అయింది. తూకం కాని క్రేటు గేటులో పలికితే అది నడిచి రాలేదు, పక్కనుంచి వినబడింది అంతే. సిగ్నల్ ఎంత గట్టిగా ఉన్నా కొట్టెయ్యాలి. ఈ నియమం పెట్టాక ఆర్‌ఎస్‌ఎస్‌ఐ హద్దు దాదాపు అక్కర్లేదు.

కాటా దగ్గరే అసలు పని

అంటే భారమంతా కాటా మీద పడుతుంది. మాకడిగితే గేట్లకన్నా ముందు బిగించాల్సింది ఇదే. డబ్బు తక్కువగా ఉంటే కాటా ఒక్కటే పెట్టి గేట్లు వచ్చే సీజనుకి వాయిదా వేసుకున్నా నష్టం లేదు.

కాటా దగ్గర ఒక్క చిన్న యాంటెన్నా, 18–20 డీబీఎం పవర్, మూడువైపులా స్టీలు రేకు అడ్డం. కాటా మీదున్న క్రేటు తప్ప ఇంకేదీ పలకకూడదు. క్రేటు పెట్టాక ముల్లు నిలబడే దాకా ఆగాలి. కాటా ఇచ్చే డేటాలో 'బరువు నిలబడింది' అన్న గుర్తు వస్తుంది, అది వచ్చాకే ఈపీసీ తీసుకుని బరువుతో ముడిపెట్టాలి. ఒకే ఈపీసీ వస్తే పచ్చలైటు. రెండు వస్తే ఎర్రలైటు, అసలు రాకపోయినా ఎర్రలైటే. ఎర్రలైటు వెలిగితే సాఫ్ట్‌వేరు తనంతట తాను ఏదో ఒకటి ఎంచుకోకూడదు, సూపర్‌వైజరు నంబరు చూసి కొట్టాలి. వేగం తగ్గుతుందని ఈ ఒక్క చోట రాజీపడితే లాట్లు ఇక్కడే కలుస్తాయి.

క్రేటు ఖాళీ బరువు కూడా దాని ఈపీసీ కిందే దాచుకోవచ్చు. అన్ని క్రేట్లకీ ఒకే తరుగు కొట్టే అలవాటు మన దగ్గర ఉంది. పాత క్రేటుకీ కొత్త క్రేటుకీ, ఈ కంపెనీదానికీ ఆ కంపెనీదానికీ బరువులో తేడా ఉంటుంది. క్రేటు క్రేటుకీ దాని సొంత ఖాళీ బరువు తీసేస్తే రైతుకీ ప్లాంటుకీ మధ్య తూకం పేచీ ఒకటి తగ్గుతుంది. ఆర్‌ఎఫ్‌ఐడీ ఎందుకని గొణిగే రైతులు సైతం ఈ ఒక్కటి చూశాక "ఇదేదో బానే ఉందండి" అంటారు.

గడియారాల మాట మరవద్దు. కాటా కంప్యూటరు గడియారం, రీడరు గడియారం అరనిమిషం తేడాగా నడిస్తే ఈ క్రేటు బరువు ముందు క్రేటు కింద పడుతుంది. అన్నీ ఒకే ఎన్‌టీపీ సర్వరు నుంచి సమయం తీసుకోవాలి, ఆ సర్వరు ప్లాంటు లోపలే ఉండాలి. ఇంటర్నెట్ పోయినప్పుడు కూడా లెక్క ఆగకూడదు కాబట్టి చదివినదంతా ముందు ప్లాంటులోని కంప్యూటరులో పడి, తర్వాతే క్లౌడుకి ఎక్కాలి.

ట్యాగులో చెరువు పేరు, తేదీ, బరువు రాయమని కొందరు అడుగుతారు. రాయొద్దు. ట్యాగులో 96 బిట్ల ఈపీసీ ఒక్కటి చాలు, మిగతాదంతా డేటాబేసులో. జీఎస్1 (బార్‌కోడు నంబర్లు కేటాయించే అంతర్జాతీయ సంస్థ) నంబరున్న కంపెనీ అయితే తిరిగొచ్చే క్రేట్లకి జీఆర్‌ఏఐ-96 పద్ధతి ఉంది, దాని మొదటి బైటు హెక్స్‌లో 33. కార్టన్లకి ఎస్‌జీటీఐఎన్-96, మొదటి బైటు 30. ప్యాలెట్‌కి ఎస్‌ఎస్‌సీసీ-96, అది 31. మొదటి బైటు చూసి ఏది క్రేటో ఏది కార్టనో రీడరే వడకట్టేస్తుంది. నంబరు రాశాక పాస్‌వర్డుతో తాళం వెయ్యండి. కొత్త ట్యాగులో పాస్‌వర్డు అన్నీ సున్నాలే ఉంటుంది, అలాగే వదిలేస్తే చేతిరీడరున్న ఎవరైనా మార్చేయొచ్చు. శాశ్వత తాళం మాత్రం ట్యాగు నంబరు ఖాయమయ్యాకే. అది వేశాక తీసేదారి లేదు.

కార్టన్లు, కోల్డ్ స్టోరేజీ

క్రేటు ప్రయాణం వొలుపు దగ్గర ముగుస్తుంది. వొలుపు, గ్రేడింగు టేబుళ్ళ మీద ఆర్‌ఎఫ్‌ఐడీ ఏమీ చెయ్యలేదు. లాటుకీ లాటుకీ మధ్య టేబులు ఖాళీ చేసి కడగడమే అక్కడ ట్రేసబిలిటీ, అంటే సరుకు జాడ చెప్పగలగడం. ఆ క్రమశిక్షణ లేని ప్లాంటుకి ఎన్ని ట్యాగులు అంటించినా దండగ.

మళ్ళీ మొదలయ్యేది మాస్టర్ కార్టన్ (చిన్న ప్యాకెట్లని సర్దే పెద్ద అట్టపెట్టె) దగ్గర. ఇక్కడ కాగితపు లేబుల్ ట్యాగు వాడతాం. దాని యాంటెన్నా అల్యూమినియం. కాబట్టి లేబుల్ మెటల్ డిటెక్టరు దాటాకే అంటించాలి. ముందే అంటిస్తే ప్రతి కార్టనూ మోగుతుంది; ఆ మోత ఆపడానికి ఎవడో డిటెక్టరు సున్నితత్వం తగ్గిస్తాడు, అది ఇంకా ప్రమాదం.

లేబుల్ జిగురు ఫ్రీజరు రకం అయ్యుండాలి. అదైనా కార్టన్ పొడిగా ఉన్నప్పుడు, కోల్డ్ స్టోరేజీలోకి వెళ్ళకముందే పట్టించాలి. మంచుపొర పట్టిన అట్ట మీద ఏ జిగురూ నిలవదు. గడ్డకట్టిన రొయ్య పచ్చి రొయ్య అంతగా తరంగాన్ని పీల్చదు కాబట్టి కార్టన్లు క్రేట్లకన్నా తేలిగ్గా పలుకుతాయి. అలాగని ప్యాలెట్ మొత్తం ఒక్క గేటులో చదివేద్దామని ఆశపడొద్దు, మధ్యలో ఇరుక్కున్న కార్టన్లు కొన్ని ఎప్పుడూ మిగిలిపోతాయి. కన్వేయరు మీద ఒక్కొక్కటిగా చదివి, అవి ఏ ప్యాలెట్ ఎక్కాయో అప్పుడే రాసుకుని, తర్వాత అన్నిచోట్లా ప్యాలెట్ ట్యాగు ఒక్కటే చదవడం నిలకడైన పద్ధతి. ప్యాలెట్ విప్పి కార్టన్ మార్చినవాళ్ళు ఆ మార్పు నమోదు చెయ్యకపోతే ఈ పద్ధతి కూలిపోతుంది. ఇదొక్కటే దీని బలహీనత.

కోల్డ్ స్టోరేజీలో మైనస్ 18 దగ్గర చేతిరీడరు బ్యాటరీ చూస్తుండగానే దిగిపోతుంది. దానికన్నా చేటు, లోపల్నుంచి ఒక్కసారిగా మన ఉక్కలోకి తెచ్చినప్పుడు స్కానరు అద్దం మీదా లోపలా నీరు పట్టడం. యాంటీరూములో (కోల్డ్ స్టోరేజీ ముందుగదిలో) కాసేపు ఉంచి బయటికి తేవాలి. కోల్డ్ స్టోరేజీకని కొన్నది లోపలి పనికే ఉంచెయ్యండి, గేటు దగ్గర వాడటానికి తిప్పొద్దు.

లోడింగ్ బే, కంటైనర్

లోడింగ్ బే దగ్గర రీడరుకి మనవి కాని ట్యాగులు వినబడతాయి, కంగారు పడకండి. అవి లారీల ఫాస్టాగ్‌లు. అవీ ఇదే పట్టీలో, ఇదే ప్రమాణంతో నడిచే ట్యాగులు. మొదటి బైటు వడపోత ఉంటే అవి లెక్కలోకి రావు. వడపోత లేని చోట 'తెలియని క్రేటు' అంటూ రోజుకో నివేదిక వస్తుంది.

సరుకెక్కించిన కంటైనర్‌ని బయట నుంచి చదవడం కుదరదు, అది లోహపు పెట్టె. ప్యాలెట్లు లోపలికి వెళ్తుండగా ద్వారం దగ్గర చదివిందే చివరి లెక్క.

ఆ తర్వాత కస్టమ్స్ ఈ-సీల్. ప్లాంటులోనే సొంతంగా సీలు వేసుకునే ఎగుమతిదారులకి ఆర్‌ఎఫ్‌ఐడీ సీలు నిబంధన కస్టమ్స్ బోర్డు 2017 నాటి 26వ సర్క్యులర్‌తో వచ్చింది. ఒకసారి వేస్తే కోస్తే తప్ప రాని బోల్టు అది, లోపల ట్యాగు. షిప్పింగ్ బిల్లు నంబరు, తేదీ, ఈ-సీల్ నంబరు, సీలు వేసిన తేదీ, సమయం, చేరాల్సిన కస్టమ్స్ స్టేషను, కంటైనర్ నంబరు, ట్రెయిలర్ నంబరు – ఇవన్నీ నమోదు చెయ్యాలి. పోర్టులో చదివినప్పుడు సీలు చెదిరినట్టు తేలితే కంటైనర్‌ని తప్పనిసరిగా తనిఖీ చేస్తారు. అంటే మైనస్ 18లో ఉండాల్సిన సరుకు తలుపులు తెరుచుకుంటాయి.

అందుకని బోల్టు బిగించాక, లారీ గేటు దాటకముందు, చేతిరీడరుతో సీలుని ఒకసారి చదివి, తెర మీద వచ్చిన నంబరునీ బోల్టు మీద చెక్కిన నంబరునీ కాగితాల మీది నంబరునీ మూడూ కలిపి చూడాలి. చదివేటప్పుడు రీడరుని తలుపుకి సూటిగా కాకుండా పక్కనుంచి ఏటవాలుగా పట్టండి, తలుపు రేకు నుంచి తిరిగొచ్చే తరంగం తక్కువ అడ్డుపడుతుంది. పలకని సీలుని విశాఖ దాకా పంపి అక్కడ చూసుకుందామనుకోవద్దు. కోసేసి కొత్తది వేసి, పాత నంబరు రద్దు చేసి, కొత్త నంబరుతో వివరాలు మళ్ళీ ఎక్కించాకే లారీని కదలనివ్వాలి. బోల్టు కోసే కట్టరూ, రెండు మూడు అదనపు సీళ్ళూ సెక్యూరిటీ గది బీరువాలో ఎప్పుడూ ఉండాలి.